మిడ్‌ఫీల్డు చార్జి ఎవరికి?

మా ఊళ్ళో కుళాయికి నీళ్ళు రాకపోతే జనం బిందె తీసుకుని పక్క వీధికి పోతారు గానీ ఎవర్నీ పల్లెత్తు మాటనరు. అంత ఓర్పు గల ఊరు, ఓబులేసు వెళ్ళిపోతున్నాడన్న వార్త వినేసరికి ఒక్క పూటలో భగ్గుమంది.

ఓబులేసు మా జిల్లా నీటి సరఫరా శాఖ ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డరు. ఆట తెలియనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. ముందు ఆడేవాడు గోలు కొట్టి పూలదండ వేయించుకుంటాడు. వెనక ఆడేవాడు గోలు ఆపి జనం భుజాల మీద ఊరేగుతాడు. మధ్యలో ఆడేవాడు వీళ్ళిద్దరికీ పని కల్పిస్తూ ఆట అయిపోయేదాకా పరుగెత్తి, ఆ తరవాత సైకిలెక్కి ఇంటికి పోతాడు. నీళ్ళు ఇవ్వడంలో మా శాఖ రాష్ట్రంలో ఎన్నో స్థానంలో ఉందో నన్నడక్కండి. ఫుట్‌బాల్‌లో మాత్రం ఏటా కప్పు తెస్తుంది. అది ఓబులేసు చలవే.

కలకత్తాలో ఒక పెద్ద క్లబ్బువాళ్ళు పోయిన టోర్నమెంటులో అతని ఆట చూసి తమ జట్టులోకి రమ్మన్నారట. ఈ సంగతి మైదానం ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టే ఉగ్గాని హోటల్లో పొద్దున్నే పొక్కింది. ఆ హోటలే మా అభిమాన సంఘానికి ఆఫీసు. రిటైరైన బస్సు కండక్టరు ఫక్రుద్దీన్ మాకు అధ్యక్షుడు, నేను కార్యదర్శిని, కుట్టుమిషన్లు బాగుచేసే తిప్పేస్వామి మా ఫుట్‌బాల్ పండితుడు. తిప్పేస్వామి జన్మలో బంతిని కాలితో తాకలేదు. అందుకే అతని అభిప్రాయాలకి ఎక్కడా మచ్చ ఉండదు.

పోనిస్తే పిల్లోడు బాగుపడతాడని ఫక్రుద్దీన్ అన్నాడు.

"బాగుపడేది ఆయప్ప ఒక్కడే గదా" అన్నాడు తిప్పేస్వామి. "చెడేది ఊరంతా. ఒక మనిషి కోసరం ఊరు చెడాల్నా?"

ఇంత న్యాయమైన మాట ఆ హోటల్లో అంతకుముందు ఎవరూ అనలేదు. సరే, పోతే ఎవర్ని వేద్దామన్న చర్చకి దిగాం. ఎడమ పక్క ఆడేవాణ్ణి మధ్యకి తెద్దామన్నారు. మరి ఎడమ పక్కకి? వెనకవాణ్ణి ముందుకి జరుపుదామన్నారు. మరి వెనక? గోల్‌కీపరు దస్తగిరి కొంచెం బయటికొస్తే సరిపోతుందన్నారు. రెండో ప్లేటు బజ్జీలు అయ్యేసరికి జట్టంతా చక్కగా సర్దుకుంది గానీ గోలు దగ్గర నిలబెట్టడానికి మనిషి మిగల్లేదు. ఇంకో ప్లేటు చెప్పి మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాం.

ఆఖరికి అర్జీ రాయడమే మార్గమని తేలింది. సరైన బదులు మనిషి దొరికేదాకా ఓబులేసుని వదలకూడదని, అతను ఈ ఊరి ఆస్తి అని, బంతి ఎటు పోతుందో అతనికి ముందే తెలుస్తుందని, అలాంటి ఆట నూరేళ్ళకొకసారి పుడుతుందని నేనే రాశాను. చదివి వినిపిస్తే ఫక్రుద్దీన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఓబులేసు సంతకం కూడా పెట్టిద్దామా అని ఎవరో అడిగారు, అతనికి ఇందులో ఏం సంబంధమని తిప్పేస్వామి కసిరాడు.

అర్జీ ఇవ్వవలసింది శాఖ క్రీడా విభాగం సూపరింటెండెంటు శేషఫణి గారికి. ఆయన ఆడిట్ నుంచి క్రీడలకి బదిలీ మీద వచ్చిన మనిషి. వచ్చిన మొదటి వారంలోనే జట్టు సక్రమంగా నడవడం లేదని కనిపెట్టాడు. కప్పులు గెలవడం వేరు, సక్రమంగా నడవడం వేరు. ఆడే స్థానాలకి మంజూరు లేదు. అందుకని ప్రతి స్థానాన్నీ ఒక పోస్టు చేసి పై నుంచి మంజూరు తెప్పించాడు. అప్పటినుంచీ మా జట్టులో ఎవరు బెంచీ మీంచి లేచి మైదానంలోకి దిగినా, బయటికొచ్చేవాడి దగ్గర గీత పక్కన నిలబడి చార్జి తీసుకున్నట్టు సంతకం పెట్టి మరీ దిగాలి. రెఫరీలు మొదట్లో గొణిగారు, తరవాత అలవాటుపడ్డారు.

మా అర్జీ చదివి శేషఫణి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ప్రజలే స్వయంగా వచ్చి నిబంధనలు అమలు చెయ్యమని కోరడం ఆయన సర్వీసులో అదే మొదటిసారట. "ఒక ఉద్యోగి తన పోస్టు బాధ్యతలను అర్హుడైన ప్రత్యామ్నాయ ఉద్యోగికి విధిగా అప్పగించనిదే సదరు ఉద్యోగిని విడుదల చేయుట నిబంధనలకు విరుద్ధము" అని ఆయన చెబుతుంటే మాకు ఒళ్ళు పులకరించింది. కలకత్తా క్లబ్బుకి శాఖ ఇచ్చే రిలీవింగ్ కాగితం లేనిదే ఓబులేసు పేరు నమోదు చేసుకునే వీలు లేదు. ఆ కాగితం మీద సంతకం చేసేది ఈయనే. ఇంకేం కావాలి? మేం హోటలుకి తిరిగొచ్చి స్వీటు పంచుకున్నాం.

ఆ సాయంత్రం ఓబులేసు నా దగ్గరికొచ్చాడు. తగువు పెట్టుకుంటాడేమోనని నేను మాటలు సిద్ధం చేసుకున్నాను గానీ, అతను సైకిలు స్టాండు వేసి నెమ్మదిగా నిలబడ్డాడు.

"అన్నా, నాకు ఇరవై ఏడు నిండినాయి. ఇంతవరకు ఒగరూ పిలిసిందే లేదు. ఈ యేడు పోకుంటే ఇంగ నన్ను పిలిసేవాళ్ళుండరు. నెలాఖరు లోపల నేను ఆడ ఉండాల."

ఊరి అభిమానం కంటే గొప్పది కలకత్తాలో ఏముందని నేనడిగాను. ఆట ఉందన్నా అన్నాడు. అక్కడ రోజూ ఆటేనట, మధ్యాహ్నం పంపుహౌసు డ్యూటీ ఉండదట. నీ మంచికే అన్నాను. ఆ మాటకి మా ఊళ్ళో తిరుగులేదు.

బదులు మనిషి కోసం వెతుకులాట మొదలైంది. మేం చుట్టుపక్కల కాలేజీల్లో బాగా ఆడే కుర్రాళ్ళ పేర్లు తీసుకెళ్ళాం. శేషఫణి గారు వినయంగా పక్కన పెట్టాడు. పోస్టు ఖాళీ అయితే ముందు శాఖలో సీనియారిటీ చూడాలి, ఆటలో నైపుణ్యం ఆ తరవాతి విషయం. సీనియారిటీలో మొదటివాడు పంపు ఆపరేటరు రామలింగప్ప. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు, రెండు మోకాళ్ళకీ నూనె పట్టించుకుని గానీ మెట్లెక్కడు. నాకెందుకు సామీ అని అతను మొత్తుకున్నాడు. ఈ అవకాశం వదులుకుంటే పెన్షన్ మీద ప్రభావం పడవచ్చునని సూచించగానే నిక్కరు కొనుక్కున్నాడు.

చార్జి అప్పగింత మైదానంలోనే జరిగింది. మేమంతా వెళ్ళాం. పోస్టుకి సంబంధించిన వస్తువులన్నీ లెక్కపెట్టి అప్పగించాలి కదా. బూట్లు ఒక జత, మేజోళ్ళు ఒక జత, చొక్కా ఒకటి, అంతవరకు బాగానే సాగింది. అప్పుడు శేషఫణి గారు ఇవి మాత్రమే ఎలా అవుతాయని అడిగాడు. ఆ పోస్టులో ఉన్న మనిషికి బంతి ఎటు పోతుందో ముందే తెలుస్తుందని అర్జీలో ప్రజలు రాశారు. ఆ తెలివి ఎవరిది? శాఖ జీతం తీసుకుంటూ, శాఖ మైదానంలో సంపాదించాడు కాబట్టి శాఖదే. అదీ అప్పగించాలి.

ఓబులేసు శక్తివంచన లేకుండా ప్రయత్నించాడు. రామలింగప్పని పక్కన నిలబెట్టుకుని, బంతి వచ్చే ముందు ఎదుటివాడి భుజం చూడాలని, ఖాళీ జాగా చూసి ముందే అక్కడికి చేరుకోవాలని పొద్దెక్కేదాకా చెప్పాడు. రామలింగప్ప అన్నిటికీ తలూపి, సంతకం దగ్గరికొచ్చేసరికి వెనక్కి తగ్గాడు. "సూడని వస్తువుకి నేను సంతకం పెట్టను సార్. రేపు ఆడిట్‌లో అది యాడుందని అడిగితే నేను యాడనుంచి తేవాల?"

శేషఫణి గారు అతణ్ణి మెచ్చుకున్నాడు. ముప్పయ్యేళ్ళ సర్వీసు ఊరికే పోదన్నాడు. చార్జి అప్పగింత అసంపూర్తి అని రాసి, ఓబులేసు తన తెలివిని దాచిపెట్టుకుంటున్నాడా అని సంజాయిషీ అడిగాడు.

ఈలోగా ఓబులేసుకి జ్వరమొచ్చింది. నిజం జ్వరమే, నేను వెళ్ళి చూశాను. లీగ్ మ్యాచ్ దగ్గర పడింది. మనిషి సెలవులో ఉంటే ఆ పోస్టుని ఇంకొకరికి పూర్తి అదనపు బాధ్యత కింద ఇవ్వడం మన ఆఫీసుల్లో ఉన్న ఆచారం. తహసిల్దారు సెలవు పెడితే పక్క మండలం తహసిల్దారు రెండూ చూస్తాడు, రెండు మండలాలూ చూసేవాడు లేక బాగుంటాయి. శేషఫణి గారు ఆ పద్ధతినే పాటించి, మిడ్‌ఫీల్డుని గోల్‌కీపరు దస్తగిరికి అదనపు బాధ్యతగా ఇచ్చాడు. కారణం కూడా చెప్పాడు: ఆటలో ఎక్కువసేపు ఖాళీగా నిలబడేది అతనేనట.

తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టయింది దస్తగిరి పని. పాపం ఆ మ్యాచ్‌లో అతను పరుగెత్తినంత ఏ గుర్రమూ పరుగెత్తి ఉండదు. మధ్యలో బంతి తీసుకుని ముందుకి తన్నేవాడు, అది తిరిగొచ్చేలోపు వెనక్కి లగెత్తేవాడు, ఇతనికంటే బంతి ముందు చేరేది. ఏడు గోలులు పడ్డాయి. ఏడో గోలప్పుడు అతను మధ్య గీత మీద కూలబడి రెండు చేతులూ గాల్లోకెత్తాడు. గోలు ఆపడానికో, దేవుడికి మొక్కడానికో మాకు తెలియలేదు.

శేషఫణి గారి నివేదిక నేను చదివాను. మిడ్‌ఫీల్డు అదనపు బాధ్యత సంతృప్తికరంగా నిర్వహించబడింది. గోలులన్నీ గోల్‌కీపరు పోస్టు పరిధిలో జరిగాయి. ఆ సమయంలో గోల్‌కీపరు తన స్థానంలో ఎందుకు లేడో మూడు రోజుల్లో తెలుపవలెను.

అంతకుముందు గెలిచిన మ్యాచ్‌ల పుణ్యమా అని ఫైనల్‌కి చేరాం గానీ, ఈ ఏడు గోలులు చూశాక మా సంఘంలో ఓబులేసు పోవాలన్న పక్షమే లేకుండా పోయింది. ఫక్రుద్దీన్ కూడా మనసు మార్చుకున్నాడు. జ్వరమొచ్చినందుకే ఇట్లయితే, మనిషి పోతే ఎట్లా? మళ్ళీ శేషఫణి గారి ఆఫీసుకి దండుగా వెళ్ళాం. అదే సమయానికి ఓబులేసు కూడా లోపల ఉన్నాడు. జ్వరం తగ్గి మనిషి సగమయ్యాడు. నెలాఖరు దగ్గరపడింది, ఫైనల్ రోజు సాయంత్రం రైలెక్కితే గానీ గడువు లోపల చేరలేనని చెప్పుకుంటున్నాడు. జ్వరం రోజుల్లో చేసినట్టే దస్తగిరికి అదనపు బాధ్యత ఇచ్చేసి తనని పంపమన్నాడు.

శేషఫణి గారికి కోపం రాలేదు. ఆయనకి ఎప్పుడూ రాదు, అదే ఆయనలో భయపెట్టేది. ఓపిగ్గా విడమరిచి చెప్పాడు.

"ఖాళీ ఏర్పడినచో అదనపు బాధ్యత ఇవ్వవచ్చును. నీవు ఉండగా ఖాళీ ఎక్కడిదయ్యా? నీవు వెళ్ళినచో ఖాళీ. చార్జి అప్పగించనిదే నీవు వెళ్ళుటకు లేదు. నేను నీకు విరోధిని కాను. పోస్టు అంటూ ఉన్నంతకాలం చార్జి ఉంటుంది, చార్జి ఉన్నంతకాలం నీవు ఉండాలి. అంతే కదా?"

మేం చప్పట్లు కొట్టాం. ఓబులేసు అంతేనా సార్ అని అడిగాడు. అంతే అన్నాడాయన. పోస్టు ఉన్నంతకాలమేనా అని ఇంకోసారి అడిగాడు. అక్షరాలా అన్నాడాయన.

ఫైనల్ నాడు ఊరు ఊరంతా మైదానంలోనే ఉంది. ఎదుటి జట్టు పక్క జిల్లా పశుసంవర్ధక శాఖ. నేను నా జన్మలో ఓబులేసు అంత బాగా ఆడగా చూడలేదు. జ్వరం నుంచి లేచిన మనిషి, మొహంలో రక్తం లేదు, కానీ బంతి అతని కాలి దగ్గరికి ఇంటికొచ్చినట్టు వచ్చేది. ఇంటర్వెల్‌కి కాస్త ముందు బంతిని నలుగుర్ని దాటించి, ముందు ఆడే మావాడి కాళ్ళ దగ్గర పెట్టాడు, అది గోలయింది. తిప్పేస్వామి నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. ఈయప్పని పోనిస్తామా మనం అన్నాడు. ఎట్లా పోనిస్తామని నేనూ అన్నాను. నిజంగానే నా ప్రాణం ఒప్పుకోలేదు. అంత ఇష్టమైన మనిషిని వదిలిపెట్టడం ఎవరి తరం?

ఇంటర్వెల్ తరవాత కాసేపటికి బంతి మళ్ళీ ఓబులేసు దగ్గరికొచ్చింది. అతను దాన్ని మైదానం నడిమధ్యకి తీసుకెళ్ళి, కాలితో ఆపి, దాని మీద కూర్చున్నాడు.

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చున్నాడు. పశుసంవర్ధక శాఖవాళ్ళు ఏం చెయ్యాలో తెలియక చుట్టూ నిలబడ్డారు. దెబ్బ తగిలిందా అని రెఫరీ వచ్చి అడిగాడు. లేదన్నాడు. అయితే లెమ్మన్నాడు. లేవనన్నాడు. రెఫరీ పసుప్పచ్చ కార్డు చూపించాడు. అప్పుడు లేచి, ఆటని సాగనిచ్చి, బంతి మళ్ళీ దొరకగానే పోయి అదే చోట మళ్ళీ కూర్చున్నాడు. రెండో పసుప్పచ్చ కార్డు పడితే ఎర్ర కార్డే, మైదానం విడిచి పోవలసిందే. రెఫరీ జేబులోంచి అది తీసి పైకెత్తాడు.

గ్యాలరీ మొత్తం లేచింది. ద్రోహి అన్నవాళ్ళున్నారు, అంతకంటే పెద్ద మాటలన్నవాళ్ళూ ఉన్నారు. ఓబులేసు చొక్కాతో మొహం తుడుచుకుంటూ నేరుగా అధికారులు కూర్చున్న షామియానా దగ్గరికి నడిచాడు. మేమూ పరుగెత్తాం. నిక్కరు జేబులోంచి మడిచిన, ఇంకా సంతకం కాని రిలీవింగ్ కాగితం తీసి శేషఫణి గారి ముందు టీపాయ్ మీద పెట్టాడు.

"సార్, రెఫరీ నన్ను తీసేసినాడు. నా జాగాలో ఇంగొకర్ని వేసేదానికి ఆట రూల్ ఒప్పుకోదు. ఇప్పుడు ఆ పోస్టు లేదు సార్. నేను చార్జి ఎవురికియ్యాల?"

శేషఫణి గారు రెఫరీని పిలిపించి అడిగాడు. ఎర్ర కార్డు పడిన ఆటగాడి స్థానంలో ఎవర్నీ దించకూడదన్న మాట నిజమేనని, జట్టు పదిమందితోనే ఆడాలని అతను చెప్పాడు. అందుకు పై అధికారుల అనుమతి అక్కర్లేదా అని ఈయన అడిగాడు. అక్కర్లేదన్నాడు. ఎంతసేపట్లో అమలవుతుందన్నాడు. అప్పుడే అమలైపోయిందన్నాడు. శేషఫణి గారు మైదానం మధ్యలోకి చూశాడు. అక్కడ నిజంగానే ఎవరూ లేరు.

నేను ఆయన మొహమే చూస్తున్నాను. కోపమొస్తుందనుకున్నాను, ఆయన మొహం విచ్చుకుంది. "పోస్టు లేదు. కనుక చార్జి లేదు. కనుక అప్పగింత లేదు. కనుక అభ్యంతరం లేదు" అని ఒక్కొక్కటీ నెమ్మదిగా అన్నాడు. "ఇంత స్వచ్ఛమైన కేసు నా సర్వీసులో చూడలేదు." పెన్ను తీసి సంతకం పెట్టి, తారీఖు వేసి, సీలు ఆఫీసులో ఉందని నొచ్చుకుని, మనిషిని పంపి తెప్పించి మరీ వేశాడు.

ఓబులేసు భార్య బ్యాగుతో గేటు దగ్గర నిలబడి ఉంది. అతను బూట్లు విప్పి దస్తగిరి అన్నకి ఇవ్వండని బెంచీ దగ్గర పెట్టి, చెప్పులేసుకుని, నా పక్కనుంచే వెళ్ళాడు. వెళుతూ ఆగాడు.

"అన్నా, నా ఆటని గురించి నువ్వు రాసినంత బాగా ఎవురూ రాయలేదన్నా" అన్నాడు. "పోయొస్తా."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఇప్పటికీ వెతుకుతుంటాను. దొరకదు. అతను బయటికెళ్ళాక ద్రోహి అని నేనూ ఒకసారి అరిచాను, సంఘం కార్యదర్శిని కదా.

ఆ మ్యాచ్ మేం గెలిచాం. మిగిలిన పదిమందీ ప్రాణాలొడ్డి, పడీ లేచీ ఆ ఒక్క గోలునీ కాపాడారు. దీని ఫలితం అప్పుడు మాకు తెలియలేదు. మర్నాడు శేషఫణి గారు పైకి రాశాడు: మిడ్‌ఫీల్డరు లేకుండానే కప్పు గెలవబడినందున ఆ పోస్టు అనవసరమని రుజువైనది, కావున రద్దు చేయవచ్చును. పై నుంచి రద్దు ఉత్తర్వుతో పాటు మెచ్చుకోలు కూడా వచ్చింది. అది మనిషికి రుచి మరిగేలా చేస్తుంది. తరవాతి సీజన్లో ఎడమ పక్కవాడు బంతిని సగం ఆటలో ముట్టనే లేదని తేలింది. మధ్యనుంచి ఇచ్చేవాడుంటే కదా ముట్టడానికి. ఆ పోస్టు పోయింది. ఎడమ పక్క లేనప్పుడు కుడి పక్క మాత్రం పక్షపాతం కాదా? అదీ పోయింది. వెనక నలుగురిలో ఒకణ్ణి పంపుహౌసుకి పంపారు. ఇప్పుడు మా జట్టులో ఏడుగురే. ఏడుగురికి తక్కువైతే ఆట మొదలుపెట్టడానికే వీల్లేదని ఫుట్‌బాల్ రూలు. అది మార్పించడానికి శేషఫణి గారు ఉత్తరప్రత్యుత్తరాలు జరుపుతున్నాడు.

ఏడుగురితో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అయితే ప్రతి ఓటమీ మంజూరైన సిబ్బందితోనే జరుగుతోంది.

మొన్న ఆదివారం ఉగ్గాని హోటల్లో టీవీ పెట్టారు. కలకత్తా మ్యాచ్. మైదానం మధ్యలో ఓబులేసు ఉన్నాడు, కాస్త ఒళ్ళు చేశాడు, గెడ్డం పెంచాడు. బంతి అతని దగ్గరికి రావడం, అతను తలెత్తి చూడటం, అంతా అదే. తిప్పేస్వామి చేతిలో బజ్జీ చల్లారిపోయింది. ఇంతలో టీవీలో ఆట గురించి మాట్లాడేవాడు, వచ్చే ఏడు ఇతను గోవా క్లబ్బుకి వెళ్ళిపోవచ్చునని అన్నాడు.

మాకు మండిపోయింది. కలకత్తావాళ్ళకి బుద్ధుందా? అట్లాంటి ఆటగాణ్ణి ఎట్లా పోనిస్తారు? అడిగేవాళ్ళు లేరా అక్కడ? వాళ్ళకి మన నిబంధన తెలిస్తే ఆపుకుంటారు కదా అని ఫక్రుద్దీన్ అన్నాడు. అందరికీ సబబుగా తోచింది. క్లబ్బుకి ఒక ముక్క రాయమని అడగడానికి అప్పటికప్పుడు శేషఫణి గారింటికి వెళ్ళాం.

ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు. రాస్తానన్నాడు. రాసే ముందు వాళ్ళ సిబ్బంది వివరాలు తెలియాలి కదా, అక్కడ జట్టులో ఎంతమంది ఆడుతున్నారని అడిగాడు.

పదకొండు మందని చెప్పాం.

ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నిజంగానే బాధపడ్డాడు. "పదకొండు మందా? ఇంకానా?" అన్నాడు.